దారం రంగు ఎవరి ఇష్టం?



వేసవి సెలవులు రాగానే కర్నూలు, కడప పట్టణాలలోని మన మొహల్లాలలో కుట్లు, అల్లికల తరగతులు మొదలవుతాయి. ఉదయం ఖుర్ఆన్ పారాయణం, ధార్మిక పాఠాలు ముగిశాక బాలికలు చాపల మీద కూర్చుని క్రోషియా సూది చేతపడతారు. ఒకరు తమ్ముడికి టోపీ అల్లుతారు. ఒకరు అక్కకు పుట్టబోయే బిడ్డ కోసం ఊలు మేజోళ్లు అల్లుతారు. మరొకరు అమ్మీ బజారుకు తీసుకువెళ్లే వైరు బుట్ట మొదలుపెడతారు. దివ్య ఖుర్ఆన్ ప్రతిని భద్రపరచుకునే జుజ్దాన్ కుట్టేవారూ ఉంటారు. కుట్టు ఎలా వేయాలన్న విషయంలో అక్కడ తగవులు రావు. ఆపా చూపినట్లే అందరూ వేస్తారు. తగవు వచ్చేది రంగు దగ్గరే.

దారపు ఉండలు ముందు పెట్టగానే పెద్దల నోట కొన్ని మాటలు వినబడతాయి. "నలుపు తీసుకోకు, అశుభం." "జుజ్దాన్ అంటే ఆకుపచ్చే ఉండాలి." "నీ చాయకు ఆ పసుపు నప్పదు." "ఆమెకు భర్త లేడు కదా, ఎర్ర అంచు ఎందుకు?" ఈ నాలుగు మాటలూ చాలా ఇళ్లలో ధర్మాజ్ఞల వలె చెలామణి అవుతున్నాయి. వీటిలో ధర్మం ఎంత, ఆచారం ఎంత, కేవలం అభిరుచి ఎంత అన్నది విడదీసి చూడవలసిన అవసరం ఉంది. అభిరుచిని ఆచారంగా, ఆచారాన్ని షరీఅత్‌గా మార్చినప్పుడు నష్టపోయేది ఎప్పుడూ ఇంట్లో మాట చెల్లని వారే.

రంగు వెనుక ఉన్న శ్రమ

ఈనాడు అంగడిలో ఒక గాజు అర ముందు నిలబడితే వంద రంగుల దారాలు కనబడతాయి. మన తాతముత్తాతల కాలంలో రంగు ఇంత సులభంగా దొరికేది కాదు. నీలం కావాలంటే నీలి చెట్టు పండాలి. పందొమ్మిదవ శతాబ్దంలో కడప సీమ నీలిమందుకు ప్రసిద్ధి. ఐరోపా వర్తకులు ఒక రకం నీలిని 'కుర్పా' అనే పేరుతోనే కొనేవారు. అది కడప పేరుకు వారి నోట వచ్చిన రూపం. నీలి తొట్టిలో ముంచి తీసిన నూలు బయటికి వచ్చినప్పుడు నీలంగా ఉండదు. పసుపు కలిసిన ఆకుపచ్చగా ఉంటుంది. గాలి తగిలిన కొద్దీ చూస్తూ ఉండగానే నీలంగా మారుతుంది. 1897లో జర్మనీకి చెందిన బి.ఎ.ఎస్.ఎఫ్. సంస్థ కృత్రిమ నీలిని అంగడిలోకి తెచ్చాక చెట్టు నీలి సాగు క్రమంగా క్షీణించింది.

ఎరుపు కథ కూడా ఇటువంటిదే. తీరాంధ్రలో మచిలీపట్నం పరిసరాల అద్దకపు పనివారు చిరివేరు నుంచి ఎరుపు తీసేవారు. 1869 నాటికి ఐరోపా రసాయన శాస్త్రజ్ఞులు మంజిష్ఠ జాతి వేళ్లలో ఉండే ఎర్ర రంగును ప్రయోగశాలలో తయారుచేయగలిగారు. దానితో వేరు రంగుకూ గిరాకీ పోయింది.

నలుపుకైతే మన సీమలో అద్దకమే అక్కరలేదు. దక్కనీ గొర్రె ఒంటి మీద నల్ల ఉన్ని సహజంగానే పెరుగుతుంది. కురుబ నేతగాళ్లు దానితో కంబళి నేసి, చింతగింజల గంజి పట్టించి బిరుసు చేస్తారు. వానలోనూ చలిలోనూ గొర్రెల కాపరికి అదే ఇల్లు, అదే పడక. ఇక తెలుపు మన నల్లరేగడిలో పండే పత్తిది. ఆదోని పత్తి బజారు పేరు వినని రైతు ఈ ప్రాంతంలో ఉండడు. ఆ దూదిని విల్లుతో ఏకి, పరుపులూ బొంతలూ కుట్టి ఊరూరా తిరిగిన మన నూర్‌బాషా సోదరుల కష్టాన్ని కూడా ఇక్కడ గుర్తు చేసుకోవాలి.

వాడిపోయిన చీరలు, చిరిగిన లుంగీలు, పిల్లల పాత చొక్కాలు పొరలుగా పేర్చి మన దాదీలు కుట్టిన బొంతలలో రంగు కొని తెచ్చుకున్నది కాదు, ఇంట్లో మిగిలినది. అయినప్పటికీ ఏ ముక్క పక్కన ఏ ముక్క పెట్టాలో వారు నేల మీద పరచి చాలాసేపు చూసుకునేవారు. ముదురు ముక్క పక్కన లేత ముక్క, గళ్ల పక్కన సాదా గుడ్డ. పేదరికం రంగులను తగ్గించగలదు గాని ఇష్టాన్ని తీసివేయలేదు. రంగును ఎంచుకోవడం కలిగినవారి విలాసం అనుకునేవారు ఒకసారి అటువంటి బొంతను విప్పి చూడాలి.

పేర్లలోనే కనబడే ఇష్టం

మన ఇళ్లలో రెండు భాషలు కలిసి కాపురం చేస్తున్నాయి. దాదీ 'పియాజీ' అన్న రంగునే పొరుగింటి తెలుగు వదిన 'ఉల్లిపొర రంగు' అంటుంది. ఒకరికి 'జామునీ' అయితే మరొకరికి 'నేరేడు పండు'. 'గులాబీ' మాత్రం ఇద్దరికీ ఒకటే. తెలుగులో 'పచ్చ' అనే ఒక్క మాట ఆకుకూ పసుపుకూ రెండింటికీ చెల్లుతుంది. అందుకే 'ఆకుపచ్చ', 'పసుపుపచ్చ' అని విడదీసి చెప్పుకుంటాం. చిలకపచ్చ, వంగపండు, కనకాంబరం, గంధం, నెమలికంఠం, సుర్మయీ, ఫీరోజీ — ఈ పేర్లన్నీ చెట్టు నుంచో పిట్ట నుంచో రాయి నుంచో వచ్చినవి. కళ్లు పెట్టి చూసినవారు పెట్టిన పేర్లు ఇవి.

దివ్య ఖుర్ఆన్ కూడా మన చూపును అటువైపే మళ్లిస్తుంది. ఫాతిర్ సూరా 27, 28 ఆయతులలో పండ్ల వివిధ వర్ణాలను, కొండలలోని తెల్లని, ఎర్రని, కారునల్లని చారలను, మనుషులలోను జంతువులలోను పశువులలోను ఉన్న రంగుల భేదాన్ని అల్లాహ్ ప్రస్తావించాడు. ఆ వెంటనే జ్ఞానం కలవారే ఆయనకు భయపడతారని వస్తుంది. రంగులను గమనించడం, వాటి భేదాన్ని ఆస్వాదించడం జ్ఞానానికి దూరమైన పని కాదని దీనివల్ల బోధపడుతుంది.

నలుపు, ఆకుపచ్చ మాటలు

ఇప్పుడు మొదటి మాటకు వద్దాం. నలుపు అశుభమని ఇస్లాం ఎక్కడా చెప్పలేదు. ఏ రంగునైనా దుశ్శకునంగా భావించడం విశ్వాసికి తగని పని. మక్కా విజయదినాన దైవప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం) నల్లని తలపాగాతో నగరంలో ప్రవేశించారని ముస్లిం గ్రంథంలో హజ్రత్ జాబిర్ (రజి) ఉల్లేఖనం ఉంది. కాబా గృహానికి కప్పే కిస్వా నేడు నల్లని పట్టుతో, బంగారు, వెండి పూత తీగల కుట్టుపనితో తయారవుతోంది. అది ఎప్పుడూ నలుపే కాదు. చరిత్రలో తెలుపు, ఎరుపు, ఆకుపచ్చ కిస్వాలు కూడా ఉండేవి. అబ్బాసీ ఖలీఫా అన్-నాసిర్ కాలం నుంచి నలుపు స్థిరపడింది.

బుఖారీ గ్రంథంలోని మరొక ఉల్లేఖనం ముఖ్యంగా ఆడపిల్లల తల్లిదండ్రులు వినదగినది. దైవప్రవక్త (స) వద్దకు కొన్ని వస్త్రాలు వచ్చాయి. వాటిలో ఒక చిన్న నల్లని దుప్పటి ఉంది. దాని మీద ఆకుపచ్చ లేక పసుపు రంగు గుర్తులు ఉన్నాయి. దీనిని ఎవరికి ఇద్దామని సహచరులను అడిగి, ఉమ్మె ఖాలిద్ (రజి) అనే చిన్నారిని పిలిపించి, తమ చేతులతోనే ఆమెకు తొడిగి, అది పాతబడి చిరిగేదాకా ధరించమని దీవించారు. ఆ అమ్మాయి అబిసీనియా వలస కుటుంబానికి చెందినది. అందుచేత ఆ రంగు గుర్తులను చూపిస్తూ, బాగుందని ఆమెకు తెలిసిన హబషీ భాషలోనే చెప్పారు. ఒక చిన్నపిల్ల ఒంటి మీది రంగును ఆమె భాషలో మెచ్చుకోవడానికి సమయం కేటాయించిన ప్రవక్త అనుయాయులం మనం.

ఇక జుజ్దాన్ ఆకుపచ్చగానే ఉండాలన్న మాట. ఆకుపచ్చ పట్ల మన ప్రేమకు కారణం ఉంది. స్వర్గవాసుల వస్త్రాలు ఆకుపచ్చనివని ఖుర్ఆన్ తెలుపుతోంది. మదీనా మస్జిద్ గుంబదు కూడా మన కళ్లలో ఆ రంగుతోనే నిలిచి ఉంది. అయితే ఆ గుంబదును 1279లో నిర్మించగా, ఆకుపచ్చ రంగు వేసింది 1837లో. అంతకుముందు వేరే రంగులు ఉండేవి. ప్రేమతో ఎంచుకున్న రంగును ప్రేమగానే ఉంచుదాం, విధిగా మార్చవద్దు. నేరేడు రంగు జుజ్దాన్ కుట్టిన అమ్మాయి ఖుర్ఆన్‌కు గౌరవం తగ్గించినట్లు కాదు. ఆ ప్రతిని ఆమె రోజూ విప్పి చదివితే అదే అసలైన గౌరవం.

షరీఅత్ గీసిన గీతలు ఏమిటి?

రంగు విషయంలో అసలు హద్దులే లేవా అంటే, ఉన్నాయి. అవి కొద్ది మాత్రమే. పురుషులు కుంకుమపువ్వు రంగు పట్టించిన దుస్తులు ధరించకూడదని హదీసులో ఉంది. కుసుమపువ్వు అద్దకం విషయంలోనూ నిషేధం వచ్చింది. పురుషులకు ముదురు ఎరుపు విషయంలో పండితుల మధ్య అభిప్రాయభేదం ఉంది. తమ్ముడి టోపీకి దారం ఎంచుకునే అక్క ఈ మాట గుర్తుంచుకుంటే చాలు. స్త్రీలకు ఏ రంగూ నిషిద్ధం కాదు. పరపురుషుల ఎదుట అలంకార ప్రదర్శన కూడదన్నది వేరొక నియమం, అది అన్ని రంగులకూ సమానమే. దుబారా, డాంబికం ఎవరికీ తగవు.

ఉపయోగాన్ని బట్టి ఎంపిక మారాలన్న పాఠం కూడా మనకు ఉంది. అబూ జహమ్ (రజి) కానుకగా ఇచ్చిన చిత్రవర్ణపు అంచుల దుప్పటి నమాజులో దృష్టిని మళ్లించినప్పుడు, దైవప్రవక్త (స) దానిని తిప్పి పంపించి, ఇచ్చినవారి మనసు నొచ్చుకోకుండా వారి వద్ద ఉన్న సాదా దుప్పటిని అడిగి తెప్పించుకున్నారు. కనుక జానమాజ్ అల్లే సోదరి సజ్దా చోట నెమ్మదైన, ఒకే తీరు రంగు ఉంచి, తన ఇష్టమైన పువ్వులను అంచులకు పరిమితం చేస్తే మంచిది.

చాయ మాట

మూడవ మాట అన్నింటికంటే తరచుగా వినబడుతుంది, అన్నింటికంటే తేలికగా అనేస్తాం. "నల్లపిల్లకు పసుపు నప్పదు, లేత రంగులు వద్దు." ఎనిమిదేళ్ల పిల్ల ఆ మాట విని చేతిలో ఉన్న పసుపు దారపు ఉండను బుట్టలో పెట్టేసి గోధుమ రంగు తీసుకుంటుంది. అక్కడ ఆమె నేర్చుకున్నది రంగుల పొందిక కాదు. తన చర్మం ఒక లోపమని. ఆ పాఠం పెళ్లిచూపుల దాకా, అత్తవారింటి దాకా ఆమె వెంట నడుస్తుంది.

మన భాషల, వర్ణాల భేదం తన సూచనలలో ఒకటని రూమ్ సూరా 22వ ఆయతులో అల్లాహ్ తెలిపాడు. తెల్లవారికి నల్లవారి మీద, నల్లవారికి తెల్లవారి మీద భయభక్తుల వల్ల తప్ప ఏ ఆధిక్యమూ లేదని దైవప్రవక్త (స) అంతిమ హజ్ సందర్భంగా ప్రకటించారు. ఈ ప్రకటనను మస్జిదు మింబర్ మీద వినిపించి, ఇంటికి వచ్చి దారపు ఉండ దగ్గర మరచిపోవడం న్యాయం కాదు. పసుపు ఆమెకు ఇష్టమైతే పసుపుతోనే అల్లనివ్వండి. అల్లిక పూర్తయ్యాక ఆ పసుపులో ఆమె ముఖం ఎంత వెలుగుతుందో మీరే చూస్తారు.

భర్త పోయిన సోదరి మాట

నాలుగవ మాట మనసును ఎక్కువగా బాధించేది. మా ప్రాంతంలో టోపీలు అల్లి పిల్లలను చదివించుకుంటున్న ఒక సోదరి ఉన్నారు. ముప్పై ఏళ్లు నిండకముందే భర్త మరణించారు. రోజంతా ఆమె వేళ్ల మధ్య అన్ని రంగుల దారాలూ తిరుగుతాయి. ఒంటి మీద మాత్రం ఏళ్ల తరబడి తెలుపే. ఒకసారి మిగిలిన నూలు దారంతో ఉల్లిపొర రంగు శాలువ ఒకటి తన కోసమే అల్లుకున్నారు. "నలుగురూ ఏమనుకుంటారు?" అని తోడికోడలు అనడంతో దానిని పెట్టెలో పెట్టేశారు. తరువాత కొడుకు ద్వారా మదరసాకు ప్రశ్న పంపించారు: అది కప్పుకుంటే పాపమా?

దీనికి సమాధానం స్పష్టం. భర్త మరణించిన స్త్రీకి నాలుగు నెలల పది రోజుల ఇద్దత్ ఉంది. గర్భవతి అయితే ప్రసవం వరకు. ఆ గడువులో అలంకారం కోసం రంగు అద్దిన దుస్తులు, సుర్మా, అత్తరు మానుకోవాలని హజ్రత్ ఉమ్మె అతియా (రజి) ఉల్లేఖించిన హదీసులో ఉంది. ఆ సంతాప కాలంలో సైతం 'అస్బ్' అనే యెమెన్ వస్త్రానికి మినహాయింపు లభించింది. నేయకముందే నూలుకు రంగు వేసి, ఆ తరువాత నేసిన బట్ట అది. అంటే దుఃఖపు రోజులలో కూడా ధర్మం రంగు తలుపును పూర్తిగా మూసివేయలేదు. గడువు తీరిన తరువాత వారు తమ విషయంలో ధర్మసమ్మతంగా ఏది చేసుకున్నా మీ మీద దోషం లేదని బఖరా సూరా 234వ ఆయతు తెలియజేస్తోంది. ఆ ఆయతు మాట్లాడుతున్నది కుటుంబపెద్దలతో, సమాజంతో. అల్లాహ్ నాలుగు నెలల పది రోజులు విధించిన చోట మనం నలభై ఏళ్లు విధించడానికి ఎవరం?

జీవితాంతం తెలుపు అన్నది మన చుట్టుపక్కల సమాజాల నుంచి కొన్ని ఇళ్లలోకి వచ్చి చేరిన ఆచారం. తెలుపు ఇష్టమై ధరించే సోదరికి అది శ్రేష్ఠమైన దుస్తే. దైవప్రవక్త (స) తెల్లని దుస్తులను ప్రోత్సహించారు. ఇష్టపడి కట్టుకున్న తెలుపుకూ, భయపడి కట్టుకున్న తెలుపుకూ మాత్రం చాలా దూరం ఉంది. ఆ సోదరికి ఈ సమాధానమే రాసి పంపించాము. ఆ శాలువ పెట్టెలోనుంచి బయటికి వచ్చిందా లేదా అని మేము విచారించలేదు. అది ఆమె ఇష్టం.

అల్లేవారికి కొన్ని సూచనలు

ఇష్టం ఉంటే చాలదు, పని కూడా నిలవాలి. దారం కొనేటప్పుడు అంగడిలోని దీపం కింద మాత్రమే చూడకండి. వాకిట్లోకి తెచ్చి పగటి వెలుతురులో చూడండి. దీపం కింద ఒకేలా కనబడిన రెండు నీలాలు ఎండలో వేరుగా కనబడవచ్చు. ఉండ మీద అతికించిన కాగితంలో రంగు సంఖ్యతో పాటు లాట్ సంఖ్య ఉంటుంది. పెద్ద అల్లిక అయితే అవసరమైన దారమంతా ఒకే లాట్‌లో ఒకేసారి తీసుకోండి. తరువాత తెచ్చుకుంటే పేరు ఒకటే అయినా ఛాయ తేడా వచ్చి మధ్యలో గీత పడినట్లు కనబడుతుంది.

రెండు రంగులు కలుస్తాయా అన్న సందేహం వస్తే రెండు పోగులను కలిపి పేని చూడండి. రెండూ ఒకే ముదురులో ఉంటే పువ్వు నేలలో కలిసిపోతుంది. ఒకటి ముదురు, ఒకటి లేత అయితే నమూనా తేటగా నిలుస్తుంది. ముదురు ఎరుపు, నలుపు, నీలం దారాలను తెలుపుతో కలిపే ముందు చిన్న ముక్కను తడిపి తెల్లగుడ్డ మీద ఒత్తి చూడండి. రంగు దిగితే వాటిని తెలుపు పక్కన వాడవద్దు. మన సీమ ఎండ తీవ్రమైనది. రంగు అల్లికలను నీడలో, తిరగవేసి ఆరబెట్టండి.

అమ్మకానికి అల్లే సోదరీమణులకు ఒక మాట. కొనేవారు కోరిన రంగు మీకు నచ్చకపోవచ్చు. అయినా వారి ఇష్టం వారిది, కోరినదే ఇవ్వండి. రంగు దిగే దారమని తెలిస్తే ముందే చెప్పండి. లోపాన్ని దాచి అమ్మిన సరుకులో బర్కత్ ఉండదు.

కానుకగా అల్లేటప్పుడు మాత్రం మన ఇష్టం రెండవ స్థానానికి వెళ్లాలి. ఒక స్త్రీ తన చేతులతో నేసిన అంచుల దుప్పటిని దైవప్రవక్త (స)కు తెచ్చి, మీరు ధరించాలనే నేశానని విన్నవించుకున్న సంఘటన బుఖారీలో ఉంది. వారికి అది అవసరమై ఉండడంతో స్వీకరించి కట్టుకుని వచ్చారు. ఒక సహచరుడు దానిని మెచ్చుకుని అడిగితే వెంటనే ఇచ్చేశారు. తన కఫన్ కోసం అడిగానని ఆయన చెప్పుకున్నారు. చివరికి అదే ఆయన కఫన్ అయింది. ఆ నేతగత్తె పేరు ఆ ఉల్లేఖనంలో లేదు. ఆమె చేతిపని మాత్రం ఒక ప్రవక్త దేహాన్నీ, ఒక సహచరుని సమాధినీ చేరింది.

సోదరులారా, ఈ సెలవులలో మీ ఇంట్లో అల్లిక మొదలైనప్పుడు ఒక చిన్న పని చేయండి. దారపు ఉండలన్నీ చాప మీద పోసి, కూతురిని, కోడలిని, చెల్లెలిని, ఇంట్లో భర్త పోయిన సోదరి ఉంటే ఆమెను కూడా కూర్చోబెట్టి, "నీకు ఏ రంగు ఇష్టం?" అని అడగండి. జవాబు వచ్చాక దానికి సవరణ చెప్పకండి. అల్లాహ్ ధర్మసమ్మతం చేసిన దానిని మన నోటితో కష్టతరం చేయకుండా ఉండే సద్బుద్ధిని ఆయన మనందరికీ ప్రసాదించుగాక. ఆమీన్.